వాదసభలో నఫ్స్



మంగంపేట ముగ్గురాయి గనిలో ఒకే షిఫ్టులో పనిచేసే ఇద్దరు, నమాజులో ఆమీన్ బిగ్గరగా పలకాలా, మెల్లగానా అన్న వాదం ముదిరి సలాం చెప్పుకోవడం మానివేశారనుకోండి. వారి మధ్య అడ్డు నిలిచినది ఫిఖ్‌హ్ సమస్యేనా? బగ్దాద్ పండితులు ఈ సంగతిని తొమ్మిది వందల ఏళ్ల క్రితమే లోతుగా పరిశీలించారు.

ఆనాడు మనోవిజ్ఞానం ప్రత్యేక శాస్త్రం కాదు. 'ఇల్మున్నఫ్స్' పేరుతో అది తత్వశాస్త్రంలో ఒక భాగం. ప్రయోగశాల సొంతం చేసుకొని అది వేరుపడింది 1879లో, జర్మనీలోని లైప్‌జిగ్ నగరంలో. పాత అమరికను చూడగోరేవారికి మన హైదరాబాద్ దాయిరతుల్ మఆరిఫ్ ముద్రించిన 'కితాబుల్ ముఅ్‌తబర్' ఉంది. అందులో ఆత్మచర్చ ప్రకృతి శాస్త్రంతో పాటే సాగుతుంది. గ్రంథకర్త అబుల్ బరకాత్ బగ్దాదీ పుట్టుకతో యూదుడు. ఆ కారణంగా గురువు చేర్చుకోకపోతే, ద్వారపాలకుణ్ణి మంచి చేసుకొని, వసారాలో కూర్చొని ఏడాది పాటు పాఠాలు విన్నారట. ఒకనాడు లోపలి శిష్యులెవరూ చెప్పలేని జవాబు తాను చెప్పి ప్రవేశం పొందారని ఇబ్ను అబీ ఉసైబిఅ రాశారు. జీవితపు చివరి భాగంలో ఆయన ఇస్లాం స్వీకరించారు.

ఇక ఇమామ్ గజాలీ (రహ్మలై). 1091లో బగ్దాద్ నిజామియా మదర్సాలో ఆచార్యపీఠం అలంకరించారు. వాదంలో ఆయన పేరు మారుమోగింది. 1095లో ఆ నాలుకే మూగబోయింది. పాఠం చెప్పబోతే మాట రాలేదు, అన్నం సయించలేదు. ఇది హృదయంలో పుట్టిన వ్యాధి, మందులకు లొంగదని వైద్యులు చేతులెత్తేశారు. ఆయన పదవి విడిచి వెళ్లిపోయారు.

ఆ తరువాత రాసిన 'ఇహ్యా' మొదటి భాగంలోనే వాదప్రతివాదాల జబ్బులను ఆయన ఒక్కొక్కటిగా విప్పి చూపారు: అసూయ, గర్వం, ఎదుటివాని లోపాలు వెదకడం, అతని దుఃఖానికి సంతోషించడం. అన్నిటికంటే దారుణమైనది, సత్యం ప్రత్యర్థి నోట వెలువడితే దానిని సహించలేకపోవడం. తప్పిపోయిన పశువును వెదికేవాడు అది తనకే దొరకాలని పట్టుబట్టడు కదా, సత్యాన్వేషి కూడా అలాగే ఉండాలంటారు. సభల్లో తాను గెలిచిన మనిషి రాసిన మాటలివి. అందుకే వాటికి అంత బరువు.

పైగా ఆయన తత్వవేత్తలను ఖండించింది వారిని చదవకుండా కాదు. బోధన మధ్య చిక్కిన తీరికలో సుమారు రెండేళ్లు వారి గ్రంథాలు చదివి, మరో ఏడాది మననం చేశారు. వారి సిద్ధాంతాలను 'మఖాసిద్'లో ఎంత న్యాయంగా వివరించారంటే, దానిని లాటిన్‌లో చదివిన ఐరోపావారు ఆయన్ని ఆ తత్వవేత్తల అనుయాయిగానే భావించారు! మన వాదాల్లో ఎదుటివారి పక్షాన్ని వారు ఒప్పుకునేలా చెప్పగలవారు ఎందరు?

గజాలీ ఖండన గ్రంథం 'తహాఫుత్'కు ఇబ్ను రుష్ద్ (రహ్మలై) జవాబు రాశారు. అది కటువైన జవాబే. అయినా ఆయన ప్రతి చర్చకూ ముందు గజాలీ మాటలను ఆయన మాటల్లోనే ఉంచి, ఆపైన తన మాట చెప్పారు. 'తహాఫుత్' దాదాపు మొత్తాన్ని నేటికీ ఆ ప్రత్యర్థి గ్రంథంలోనే చదువుకోవచ్చు.