ఒక తీర్పు, మఱునాఁటి మంట

పనిలో గాయపడిన కూలివాఁడు, యజమాని తప్పిదమును ఋజువు చేయనిదే పరిహారము పొందలేని దినము లుండెను. 1910లో అమెరికాలోని న్యూయార్కు రాష్ట్రము, మిక్కిలి అపాయకరములగు పనులలో నా నిబంధనను తొలఁగించెను. ఐవ్సు అను రైలు పనివాఁడు చీలమండ బెణికి, యా చట్టము క్రింద దావా వేసెను. క్రింది కోర్టులు చట్టము చెల్లుననినవి. రాష్ట్రమునకు పెద్ద కోర్టగు అప్పీళ్ల కోర్టు 1911 మార్చి 24న దానిని కొట్టివేసెను. కార్మికుల దుస్థితిని న్యాయమూర్తులు కాదనలేదు సుండీ! తప్పు చేయని యజమానిచే ధన మిప్పించుట ఆస్తిని హరించుటయే యని వారి తర్కము. తర్కము చక్కనిదే, కాలు విఱిగినవాని కది కూడు పెట్టునా?

మఱునాఁడే న్యూయార్కు నగరమున ట్రయాంగిల్ దుస్తుల కర్మాగారము తగులఁబడి 146 మంది మరణించిరి. వారిలో పెక్కండ్రు యువతులు. ఆ మంటకును తీర్పునకును సంబంధము లేదు. అయినను పలువు రా రెంటిని కలిపియే తలఁచిరి. 1913లో ఓటర్లు రాష్ట్ర రాజ్యాంగమునే సవరించి చట్టసభకు త్రోవ యిచ్చిరి. 1914లో వచ్చిన క్రొత్త చట్టమును 1917లో అమెరికా సుప్రీముకోర్టు సమర్థించెను.