డీజిల్ ఆదా సాధనాల చరిత్ర

రుడాల్ఫ్ డీజిల్ నిర్మించిన ఇంజనును 1897 ఫిబ్రవరిలో జర్మనీలోని ఆగ్స్‌బర్గ్‌లో మోరిట్జ్ ష్రోటర్ పరీక్షించినప్పుడు, ఇంధనంలోని ఉష్ణశక్తిలో 26.2 శాతం పనిగా మారింది. ఆనాటి ఆవిరి యంత్రాలను మించిన ఫలితమే అయినా, మిగిలిన శక్తిలో అధికభాగం పొగతోను, ఇంజనును చల్లబరిచే నీటితోను వెళ్లిపోయేది. పొగతో పోయే శక్తిని కొంతవరకు తిరిగి పట్టే పరికరానికి స్విట్జర్లాండ్ ఇంజనీరు ఆల్ఫ్రెడ్ బూచి 1905లో పేటెంటు పొందాడు. పొగ ధాటికి తిరిగే చక్రంతో ఇంజనులోకి అదనపు గాలిని నెట్టే ఈ టర్బోచార్జర్ 1920లలో ఓడలకెక్కి, 1750 అశ్వశక్తి ఇంజను నుంచి 2500 అశ్వశక్తిని రాబట్టింది.

1973 చమురు సంక్షోభం తరువాత అమెరికా మార్కెట్లో వెల్లువెత్తిన సాధనాల దారి వేరు. ఇంధన గొట్టానికి బిగించే అయస్కాంతాలు, గాలి మార్గంలో అమర్చే సుడిరేకులు, ట్యాంకులో కలిపే ద్రావకాలు, అన్నీ ఇంధనాన్ని పూర్తిగా మండిస్తామనే చెప్పాయి. అవసరానికి మించిన గాలిలో మండే డీజిల్ ఇంజనులో ఇంధనం మామూలుగానే 98 శాతానికి పైగా దహనమవుతుంది కనుక, మిగిలిన రెండు శాతంలో నుంచి పదో ఇరవయ్యో శాతం ఆదా పుట్టడం అసాధ్యం. నల్లటి పొగను చూసినవారు డీజిలంతా గాలిలో కలుస్తోందని బాధపడడం సహజమే గాని, కంటికి అంతగా కనిపించే ఆ మసి బరువు అత్యల్పం.

అమెరికా పర్యావరణ పరిరక్షణ సంస్థ వందకు పైగా సాధనాలను, ఎక్కువగా పెట్రోలు కార్లవాటిని, పరిశీలించి, కొద్దిపాటి మేలైనా చేసేవి బహు తక్కువని తేల్చింది. అయినా నమ్మకం చెదరకపోవడానికి కారణముంది: బరువు, గాలి, దారి మారితే మైలేజీ మారుతుంది, కొత్త పరికరం బిగించిన డ్రైవరు తెలియకుండానే నిదానంగా నడుపుతాడు. ఈ చిక్కును విడదీయడానికే అమెరికా ఇంజనీర్లు 1980లలో జె1321 అనే పరీక్షా విధానాన్ని రూపొందించి, పరికరం బిగించిన లారీతోపాటు ఏ మార్పూ చేయని మరో లారీని అదే దారిలో నడిపి, రెండింటి వాడకాన్నీ పోల్చారు.

నిజమైన ఆదా ఇంధన గొట్టానికి దూరంగా దొరికింది. 1973లో మొదలైన నాసా ప్రయోగాల్లో, పెట్టెలాంటి వ్యాను అంచులను గుండ్రంగా మలచగానే గాలి నిరోధం సగానికి పైగా తగ్గింది. క్యాబిన్ పైన గాలిని మళ్లించే పలకలు ఆ అవగాహన నుంచే బలం పుంజుకున్నాయి. ఏ పరికరానికైనా డబ్బు చెల్లించే ముందు లారీ యజమాని అడగవలసింది, పక్కన నడిచిన ఆ రెండో లారీ లెక్క.