కంటికి కనబడని దీపము

రాత్రివేళ ఇంటిని కాపాడు పని పూర్వము దీపమునకు, కుక్కకు, ఊరి తలారికి అప్పగింపబడియుండెను. వీథి అరుగుమీద లాంతరు వెలుగుచున్నచో దొంగ ఆ వంకకు రాడని పెద్దల నమ్మకము. ఈ కాలమున పెక్కు ఇండ్ల గుమ్మములపైన కెమెరా కూడ చేరినది. దీపములన్నియు ఆర్పివేసిన పిదప, అర్ధరాత్రివేళ కూడ, అది వాకిటిలోని తులసికోటను, ప్రహరీగోడను, గోడమీద నడచు పిల్లిని స్పష్టముగా చూపుచున్నది. చూచినవారు "ఈ కెమెరా చీకటిలో చూడగలదు" అందురు. ఆ మాట నిజము కాదు. మనుష్యుని కన్నువలెనే ఈ కెమెరాకు కూడ వెలుగు కావలెను. దాని ప్రక్కన ఒక దీపము వెలుగుచునే యున్నది. అది మన కంటికి కనబడదు, అంతే.

ఈ కనబడని దీపము మన గుమ్మమునకు చేరుటకు రెండు శతాబ్దములు పట్టినది. ఆ చరిత్ర తెలిసినచో, కెమెరా ఎంతవరకు చూడగలదో, ఎచట పొరబడునో కూడ తెలియును.

ఎరుపునకు ఆవల

ఈ కథకు నాంది పలికినవాడు విలియం హెర్షెల్. జర్మనీలోని హానోవర్‌లో 1738లో జన్మించి, ఇంగ్లండుకు వచ్చి సంగీతముతో జీవనము గడపుచు, రాత్రులయందు దూరదర్శినితో ఆకాశమును పరిశీలించెడివాడు. 1781లో యురేనస్ గ్రహమును కనుగొని ప్రసిద్ధుడయ్యెను. సూర్యుని పరిశీలించునపుడు కన్ను చెడకుండుటకై ఆయన రంగుటద్దములు వాడెను. అపుడొక వింత తోచెను. కొన్ని అద్దములలో వెలుగు తక్కువయైనను కంటికి వేడి తగులుచుండెను. మరికొన్నింటిలో వెలుగు ఎక్కువయైనను వేడి లేకుండెను. అట్లయిన, ఒక్కొక్క రంగు వేడిలో ఒక్కొక్క పాలు మోయుచున్నదా?

1800 సంవత్సరములో హెర్షెల్ ఈ ప్రశ్నకు సమాధానము వెదకెను. పట్టకముగుండా సూర్యకాంతిని పంపి, బల్లమీద వర్ణపటమును పరచెను. బుడ్డిని నల్లచేసిన ఉష్ణమాపకము నొకదానిని ఒక్కొక్క రంగులో ఉంచెను. పోల్చి చూచుటకు వేరు ఉష్ణమాపకములను వెలుగు పడని చోట ఉంచెను. ఊదారంగులో పాదరసము ఫారన్‌హీట్ లెక్కలో 2 డిగ్రీలు, ఆకుపచ్చలో సుమారు 3 డిగ్రీలు, ఎరుపులో దాదాపు 7 డిగ్రీలు పెరిగెను. పిమ్మట ఆయన ఉష్ణమాపకమును ఎరుపు అంచుకు ఆవల, ఏ రంగును లేని చోట ఉంచెను. అచట పాదరసము ఇంకను పైకెక్కెను. వెలుగు లేదని కన్ను చెప్పిన చోటనే ఉష్ణమాపకము ఏదో యున్నదని సాక్ష్యమిచ్చెను. ఎరుపునకు ఆవల నున్న ఆ కిరణములే నేడు పరారుణ కిరణములని పిలువబడుచున్నవి.

ఈ కిరణములు ఉష్ణమాపకము వలన బయటపడుటచే చాలకాలము వీనికి "ఉష్ణకిరణములు" అను పేరు నిలిచెను. ఆ పేరు ఇప్పటికిని ఒక భ్రమను కలిగించుచున్నది. మాక్స్‌వెల్ 1865లో ప్రకటించిన సిద్ధాంతము, హెర్ట్జ్ 1887లో ఆరంభించిన ప్రయోగములు నిజమును తేల్చినవి. కంటికి కనబడు కాంతియు, కనబడని పరారుణమును ఒకే జాతి విద్యుదయస్కాంత తరంగములు. భేదము తరంగదైర్ఘ్యములో మాత్రమే యున్నది. సుమారు 400 మొదలు 700 నానోమీటర్ల వరకు గల తరంగములను మన కన్ను గ్రహించును. అంతకు దీర్ఘమైనవి నేత్రపటలముమీద పడినను దాదాపుగా దానిని కదలింపలేవు.

చూపుగా మారిన కిరణము

పాదరసము పైకెక్కుట వేరు, బొమ్మ కనబడుట వేరు. పరారుణముతో మొదట బొమ్మలు పట్టిన వారిలో అమెరికా శాస్త్రజ్ఞుడు రాబర్ట్ వుడ్ ముఖ్యుడు. 1910లో ఆయన ప్రకటించిన ఛాయాచిత్రములలో పచ్చని చెట్లు మంచు కప్పినట్లు తెల్లగాను, ఆకాశము నల్లగాను కనబడెను. ఆకులు సమీప పరారుణమును మిక్కుటముగా తిప్పికొట్టుటయే దీనికి కారణము. పరారుణ లోకములో వస్తువుల నలుపు తెలుపులు మనకు తెలిసినవి కావని లోకము అపుడే చూచినది. ఈ పాఠము మరల మనకు అవసరమగును.

ఐనను ఆ చిత్రములలో కదలిక లేదు. కదలుచున్న దృశ్యమును అప్పటికప్పుడే చూపు సాధనము 1934లో హాలెండులో తయారయ్యెను. ఫిలిప్స్ ప్రయోగశాలలో హోల్స్ట్, ద బోయర్, వారి సహచరులు ఒక గాజునాళమును నిర్మించిరి. అందులో ఒక వైపున వెండి, ప్రాణవాయువు, సీజియముల పూత గల పలక; ఎదుట ప్రతిదీప్తి గల తెర. పరారుణ కాంతి పలకమీద పడగా ఎలక్ట్రానులు వెలువడును. వేల వోల్టుల విద్యుత్పీడనము వానిని తెరవైపునకు లాగును. అవి తగిలిన చోటనెల్ల తెర వెలుగును. కంటికి కనబడని బొమ్మ ఈ విధముగా కనబడు బొమ్మగా మారును.

రెండవ ప్రపంచయుద్ధము దీనిని రణరంగమునకు ఈడ్చినది. జర్మన్లు తమ టాంకులకు, తుపాకులకు ఇట్టి సాధనములను అమర్చిరి. అమెరికన్ సైనికులు 1945లో ఒకినావా యుద్ధములో తుపాకిమీద పరారుణ దీపమును, చూచు గొట్టమును కలిపి వాడిరి. దీపమునకు ముందు నల్లని అద్దముండును. అది కంటికి కనబడు వెలుగును ఆపి, పరారుణమును మాత్రము విడుచును. దానికి కావలసిన బరువైన బాటరీని సైనికుడు వీపున మోయవలెను. ఇంతచేసినను చూపు నూరు గజములకు లోపే.

అంతకంటె పెద్ద లోపము మరియొకటి కలదు. శత్రువు వద్ద కూడ అట్టి గొట్టమే యున్నచో, ఈ దీపము వానికి కాగడావలె కనబడును. చీకటిలో చూడబోయినవాడే అందరికి కనబడును. కావున 1960ల నాటి వియత్నాము యుద్ధములో, సొంత దీపము లేకుండ నక్షత్రముల వెలుగునే వేల రెట్లు పెంచి చూపు గొట్టములు వాడుకలోనికి వచ్చెను. ఈ విద్యతో తెలుగు దేశమునకు కూడ సంబంధము కలదు. మచిలీపట్టణములో 1926లో నెలకొని శాస్త్ర పరికరములను తయారుచేసిన ఆంధ్రా సైంటిఫిక్ కంపెనీ, 1983లో భారత్ ఎలక్ట్రానిక్స్ సంస్థలో చేరినది. రాత్రివేళ చూచు సాధనములు అచట తయారైనవి.

గుమ్మము చేరిన మూడు పాయలు

యుద్ధరంగములో లోపమైనది ఇంటి వాకిటిలో అంత లోపము కాదు. ఇంటివారికి దాగియుండవలసిన పని లేదు. అందుచేత సొంత దీపము గల పద్ధతియే ఇండ్లకు వచ్చినది. అది వచ్చుటకు మూడు పాయలు కలియవలసివచ్చెను.

మొదటి పాయ దీపము. అమెరికాలోని టెక్సాస్ ఇన్‌స్ట్రుమెంట్స్ సంస్థలో బియార్డ్, పిట్‌మన్ అను ఇరువురు 1961లో గాలియం ఆర్సెనైడు డయోడులతో వేరొక పని చేయుచుండిరి. విద్యుత్తు ప్రవహించినపుడు ఆ డయోడు పరారుణమును వెదజల్లుచున్నదని వారు గ్రహించిరి. 1962లో అది అమ్మకమునకు వచ్చెను. నేడు ప్రతి యింట వెలుగుచున్న ఎల్.ఇ.డి. దీపముల వంశములో, అంగడికెక్కిన తొలి బిడ్డ కంటికి కనబడని వెలుగు నిచ్చినదే.

రెండవ పాయ కన్ను. 1969లో బెల్ ప్రయోగశాలలో బోయిల్, స్మిత్ అనువారు సి.సి.డి. అను సిలికాన్ పలకను కల్పించిరి. 2009లో వారికి నోబెల్ బహుమానము లభించెను. సిలికాన్ స్వభావము ఇచట ముఖ్యము. అది సుమారు 1,100 నానోమీటర్ల వరకు గల కాంతిని గ్రహించును. అనగా మన కన్ను ఆగిపోయిన చోటు దాటి ఇంకను కొంత దూరము చూడగలదు. ఆ తరువాత వచ్చిన సి.మాస్ పలకలకు కూడ ఇదియే స్వభావము.

మూడవ పాయ అవసరము. న్యూయార్కు నగరములోని క్వీన్స్ ప్రాంతమున మేరీ వాన్ బ్రిట్టన్ బ్రౌన్ అను నర్సు నివసించుచుండెను. ఆమెకును, భర్తకును పనివేళలు వేరగుటచే తరచు ఇంట నొంటరిగా నుండవలసివచ్చెడిది. ఆపదలో పిలిచినను పోలీసులు వచ్చుట ఆలస్యమగుచుండెను. తలుపు తట్టినది ఎవరో తలుపు తీయకయే తెలిసికొనుటెట్లు? ఆమె భర్త ఆల్బర్ట్‌తో కలసి 1966లో ఒక పేటెంటుకు దరఖాస్తు చేసెను. తలుపునకు వేరువేరు ఎత్తులలో నాలుగు రంధ్రములు, వాని వెనుక పైకి క్రిందికి జరుగు కెమెరా, పడకగదిలో టెలివిజన్ తెర. 1969 డిసెంబరులో పేటెంటు లభించెను. ఇంటి కాపలా కెమెరాకు ఇది మూలరూపములలో నొకటి. భయముతో మేలుకొన్న ఒక గృహిణి ప్రశ్నయే దానికి ప్రాణము.

దీపమును దిద్దుకొనుట

పై చరిత్రనుబట్టి నేటి కెమెరా పనితీరు సులభముగా తెలియును. పగటివేళ సిలికాన్ పలక పరారుణమును కూడ గ్రహించిన రంగులు చెడిపోవును. కావున కటకమునకు వెనుక, పరారుణమును ఆపు పలుచని వడపోత గాజు ఉండును. చీకటిపడగానే అది ప్రక్కకు జరుగును. అపుడు "టక్కు"మను చిన్న చప్పుడు వినబడును. కెమెరా చుట్టునున్న ఎల్.ఇ.డి.లు వెలుగును. ఆ ఒకే జాతి కాంతిలో రంగుల భేదము నిలువదు కనుక బొమ్మ నలుపు తెలుపులకు మారును.

ఈ దీపములు సాధారణముగ రెండు రకములు. 850 నానోమీటర్లవి మసక ఎర్రని కాంతితో కొంచెము కనబడును. 940 నానోమీటర్లవి బొత్తిగా కనబడవు. కాని ఆ చోట సిలికాన్ చూపు తగ్గును గనుక వాని వెలుగు అంత దూరము పనిచేయదు. దాగియుండుటకు చెల్లించు మూల్యమిది.

దూరము రెండింతలైన వస్తువుమీద పడు వెలుగు నాల్గవవంతగును. ఇది పాఠశాలలో చెప్పు విలోమ వర్గ నియమమే. గేటువద్ద మనుష్యుడు మసకగా కనబడి, గుమ్మమువద్దకు రాగానే వాని ముఖము సున్నము పూసినట్లగుటకు ఇదియే కారణము. కెమెరాను మార్చుటకంటె దీపమును మార్చుట మేలు. వేరొక పరారుణ దీపమును కెమెరాకు కొంత ఎడముగా, గేటునకు చేరువగా అమర్చినచో వెలుగు సమముగా పరచుకొనును. మరియొక లాభము కూడ కలదు. దీపము కటకమును ఆనుకొనియున్నపుడు వానచినుకులు, పొగమంచు, సాలెగూడు ఆ వెలుగును తిన్నగా కటకములోనికే తిప్పికొట్టును. ఎడముగా నున్నచో ఈ బాధ తగ్గును. కిటికీ అద్దమునకు లోపల కెమెరాను పెట్టినవారికి రాత్రివేళ తమ దీపపు ప్రతిబింబమే కనబడును.

సాక్ష్యమునకు హద్దు

"పరారుణ కెమెరా ఒంటి వేడిని చూచును" అను మాట "ఉష్ణకిరణములు" అను పాతపేరు మిగిల్చిన భ్రమ. మన శరీరము వెదజల్లు పరారుణము సుమారు 10,000 నానోమీటర్ల వద్ద మిక్కుటము. సిలికాన్ దానిని గ్రహింపలేదు. దానిని చూచు సాధనములు వేరుగా కలవు. ఇంటి కెమెరా చూచునది తన దీపము వెలుగు వస్తువులమీద పడి తిరిగివచ్చినదానిని మాత్రమే.

ఇంకను జాగ్రత్తపడవలసిన విషయము వుడ్ చిత్రములు నేర్పినదే. కంటికి నల్లనైన అద్దకపు రంగులు కొన్ని పరారుణమును పీల్చుకొనవు. అట్టి రంగు వేసిన నల్లచొక్కా రాత్రి కెమెరాలో తెల్లగా కనబడవచ్చును. "తెల్లచొక్కావాడు గోడ దూకినాడు" అని బొమ్మనుబట్టి వీథిలో నొకని పట్టుకొనిన, నిరపరాధి నింద మోయవలసివచ్చును. ఆ బొమ్మ మనుష్యుని ఆకారమునకు, నడకకు, వేళకు సాక్ష్యము. బట్టల రంగునకు కాదు.

ఈ సంగతులను తరగతిలో చూపుట కష్టము కాదు. గదిని చీకటి చేసి, టెలివిజన్ రిమోటు ముందుభాగమును మొబైలు ఫోను కెమెరాకు చూపి మీట నొక్కవలెను. కంటికి ఏమియు తోచదు. ఫోను తెరమీద చిన్న దీపము మినుకుమనును. కొన్ని ఫోనులలో వడపోత గాజు గట్టిది. అపుడు ముఖమువైపునున్న కెమెరాతో చూడవచ్చును. ఐతే బలమైన పరారుణ దీపమును దగ్గరగా తేరిచూడరాదు. వెలుగు తెలియదు గనుక కన్ను మూసికొనదు, కనుపాప ముడుచుకొనదు.

పట్టకము, బుడ్డిని సిరాతో నల్లచేసిన ఉష్ణమాపకములు కొన్ని, ఎండ ఉన్నచో హెర్షెల్ ప్రయోగమును కూడ పాఠశాల ఆవరణలోనే చేయవచ్చును. సూర్యునివంక మాత్రము చూడరాదు. ఎరుపునకు ఆవల, ఏమియు లేదనిపించు చోట పాదరసము పైకెక్కుటను చూచిన విద్యార్థికి గుమ్మముమీది కెమెరా ఇక మాయ కాదు. అది తాతల నాటి లాంతరుకు మనుమరాలు. లాంతరును ఎచట వ్రేలాడదీయవలెనో, దాని వెలుగు ఎంతదూరము పోవునో ఆనాటివారు ఎరిగియుండిరి. కనబడని దీపము విషయములో మనమును అంత ఎరిగియుండవలెను.