మనం ఏ కిత వాళ్లం? కేస్లాపూర్ చెప్పే వంశచరిత్ర

మన గోండు పెద్దలు ఇద్దరు ఎక్కడైనా కొత్తగా కలిస్తే రాం రాం చెప్పుకొని మొదట ఊరు అడుగుతారు. తర్వాత ఇంటిపేరు, ఆ తర్వాత ఎన్ని దేవతలవాళ్లో అడుగుతారు. ఈ మూడింటికీ జవాబు వచ్చిందంటే వరుస తేలిపోయినట్టే. అన్నదమ్ములైతే ఒక రకం మాట, బావామరుదులైతే ఇంకో రకం పరాచికం. ఇప్పుడు మన పిల్లల్లో చాలామందికి మొదటి రెండు ప్రశ్నలకే జవాబు తెలుసు. మూడోదానికి ఫోన్ తీసి అమ్మను అడుగుతున్నారు. అమ్మ అవ్వను అడుగుతోంది. అవ్వ లేని ఇంట్లో ఆ మాట అక్కడితో ఆగిపోతోంది.

పహండి కుపార్ లింగాల్ మనవాళ్లను నాలుగు సగలుగా విడదీశాడని మన పురాణం చెబుతుంది. అవి ఏడు, ఆరు, ఐదు, నాలుగు దేవతల సగలు. ఒక్కో సగలో ఎన్నో ఇంటిపేర్లు ఉన్నాయి. ఇంటిపేరు వేరైనా సగ ఒకటైతే అన్నాచెల్లెళ్ల వరుసే. వాళ్ల మధ్య పెళ్లి కుదరదు. అందుకే మనకు వంశం తెలుసుకోవడం గొప్ప కోసం చేసే పని కాదు. ఎవరిని చెల్లెలా అని పిలవాలో, ఎవరింటికి సంబంధానికి వెళ్లాలో దానివల్లే తెలుస్తుంది.

ఈ లెక్కలన్నీ కాగితం లేకుండా కాపాడినవాళ్లు ప్రధాన్‌లు. పెర్సాపేన్ పూజల్లో, చావు కర్మల్లో కింగ్రి వాయిస్తూ వంశగాథ పాడేది వాళ్లే. తమ ఇళ్లలో మరాఠీ మాట్లాడుకున్నా మన కథను గోండిలోనే పాడతారు. 1940ల్లో మార్లవాయిలో ఉండి పరిశోధన చేసిన హైమన్‌డార్ఫ్ కూడా మన గాథలను ప్రధాన్‌ల నోటి నుంచే రాసుకున్నారు. ఆయన పుస్తకం 1948లో వచ్చింది. ఆయన వినకముందు ఎన్నో తరాలుగా ఆ కథలు ప్రధాన్‌ల జ్ఞాపకంలోనే బతికాయి.

జాతరే వంశవృక్షం

దూరపు అన్నదమ్ములు కలుసుకోవడం అంటే ఏమిటో చూడాలంటే ఇంద్రవెల్లి మండలం కేస్లాపూర్‌కు రావాలి. ప్రతి ఏటా పుష్య అమావాస్యకు జరిగే నాగోబా జాతర ఏడు దేవతల సగకు చెందిన మెస్రం వంశీయులది. జాతరకు ముందు వాళ్ల బృందం చెప్పులు లేకుండా నడిచి జన్నారం మండలంలోని హస్తలమడుగుకు వెళ్లి గోదావరి జలం తెస్తుంది. దారిలో ఆగిన ఊళ్లలో బంధువుల ఇళ్లు పలకరిస్తారు. పూజకు కావలసిన మట్టికుండలు సిరికొండ కుమ్మరులు చేసిస్తారు. జలం తెచ్చినవాళ్లు కేస్లాపూర్ మర్రిచెట్ల కింద బస చేస్తారు. మహారాష్ట్ర, ఛత్తీస్‌గఢ్, మధ్యప్రదేశ్, ఒడిశా నుంచి కూడా మనవాళ్లు వస్తారు.

అక్కడ మెస్రం కుటుంబాలు తమకు ఇష్టమైన చోట పొయ్యి పెట్టుకోవు. వంశంలో 22 కితలు ఉన్నాయి. కిత అంటే ఒక శాఖ. కితకు ఒకటి చొప్పున 22 పొయ్యిల మీదే వంట జరుగుతుంది. ఎక్కడి నుంచి వచ్చినా మన కిత పొయ్యి దగ్గరికే చేరాలి. పక్కన కూర్చుని కట్టెలు సర్దుతున్న మనిషి ఎవరో తెలియకపోయినా మన ముత్తాత తమ్ముడి మనవడు కావచ్చు. కాగితం మీద గీసే వంశవృక్షాన్ని మనవాళ్లు పొయ్యిలతో నేలమీదే గీశారు.

మహాపూజ తర్వాత జరిగే భేటింగ్‌లో కొత్త కోడళ్లు తెల్లచీర కట్టుకుని నాగోబాకు, వంశ పెద్దలకు పరిచయమవుతారు. ఆడబిడ్డల హాస్టల్లో పనిచేసే మాకు ఇది ముఖ్యమైన ఘట్టం. ప్రధాన్ పాడే వరుసలో ఎక్కువగా తండ్రులూ కొడుకులే వినిపిస్తారు. భేటింగ్‌లో మాత్రం ఎవరి కూతురు, ఏ ఊరి బిడ్డ ఈ ఇంటికి వచ్చిందో అందరి ముందూ చెబుతారు. మన వంశవృక్షంలో తల్లుల పేర్లు రాయడానికి దారి మన ఆచారంలోనే ఉంది.

సరిహద్దు అవతలి ఇల్లు

ఒక సెలవుల్లో మా పిల్లలకు ఒక పని ఇచ్చాం. తాత, అవ్వ, వాళ్ల అమ్మానాన్నలు, వాళ్ల ఊళ్లు రాసుకురమ్మన్నాం. ఒక మెస్రం పాప నోట్‌బుక్‌లో నాలుగు తరాల పేర్లు వచ్చాయి. ముత్తాత తమ్ముడి పేరు దగ్గర మాత్రం ‘సరిహద్దు అవతల’ అని రాసి వదిలేసింది. వాళ్ల అవ్వకు అంతే తెలుసు.

ఆ ఖాళీ వెనుక పెద్ద చరిత్రే ఉంది. కిన్వట్, రాజురా ప్రాంతాలు ఒకప్పుడు ఆదిలాబాద్ జిల్లాలోనివే. 1956లో హైదరాబాద్ రాష్ట్రం విడిపోయినప్పుడు అవి బొంబాయి రాష్ట్రంలోకి వెళ్లాయి. అన్న ఇటు, తమ్ముడు అటు అయ్యారు. ఇటు పిల్లలు తెలుగు బడికి, అటు పిల్లలు మరాఠీ బడికి పోయారు. ఇక్కడి రికార్డుల్లో మెస్రం, అక్కడి రికార్డుల్లో మేశ్రామ్. అదే ఇంటిపేరు అక్కడ వేరే సమాజాల్లోనూ ఉంది కాబట్టి పేరొక్కటే చూసి చుట్టరికం కలపలేం. 2016లో మన జిల్లా మళ్లీ నాలుగయింది. ఒకే ఇంటి అన్నదమ్ముల చిరునామాలు ఇంకా దూరమయ్యాయి.

ఆ పాప తండ్రి తమ వంశపు ప్రధాన్ పెద్దాయన దగ్గరికి వెళ్లాడు. ఆయన పాట మొదలుపెట్టి, ఆ తమ్ముడి పేరు దగ్గర ఆగి, అతను ఇల్లరికం వెళ్లిన ఊరి పేరు చెప్పాడట. ఆ ఊరు కిన్వట్ వైపు ఉంది. రెండు వైపులా ఫోన్లు నడిచాయి. ఇంటిపేరు, సగ, కిత, పాత ఊరు నాలుగూ సరిపోయాయి. ఆ ఏటి జాతరలో రెండిళ్లవాళ్లు ఒకే పొయ్యి దగ్గర కలిశారు. పెద్దవాళ్లు ముందు మాటలు రాక ఊరికే చేతులు పట్టుకుని కూర్చున్నారు. పిల్లలకు ఇటు తెలుగు, అటు మరాఠీ అడ్డమొచ్చింది. కాసేపటికి అందరూ గోండిలోకి దిగారు. మన భాష ఎందుకు పనికొస్తుందని హాస్టల్లో అడిగే పిల్లలకు అంతకన్నా మంచి జవాబు మా దగ్గర లేదు.

ఆ మాటల్లోనే ఇంకో సంగతి బయటపడింది. అటువైపు అబ్బాయి పట్నంలో ఉద్యోగం చేస్తున్నాడు. అతనికి చూస్తున్న సంబంధంలో అమ్మాయి ఇంటిపేరు వేరు. అందుకే ఎవరికీ అనుమానం రాలేదు. పెద్దలు సగ అడిగితే ఆమెదీ ఏడు దేవతలే! మాట ఇంకా ముదరలేదు కాబట్టి ఎవరి మనసూ నొప్పించకుండా ఆపగలిగారు. నిశ్చితార్థం దాటాక తెలిసి ఉంటే రెండు కుటుంబాలు ఎంత నలిగిపోయేవో ఆలోచించండి.

యువతకు ఒక మాట

కింగ్రి పట్టే చేతులు తగ్గుతున్నాయి. ఒక ప్రధాన్ పెద్ద పోతే ఆయనతో ఎన్నో ఇళ్ల దారులు మూసుకుపోతాయి. ఈ సెలవుల్లోనే ఒక నోట్‌బుక్ తీసుకోండి. ఒక్కో మనిషికి పేరు, సగ, కిత, పుట్టిన ఊరు, తల్లి పుట్టిల్లు, వలస పోయిన చోటు రాయండి. అత్తల పేర్లు, పిల్లలు లేకుండా పోయినవాళ్ల పేర్లు కూడా వదలకండి. ప్రధాన్‌ను మర్యాదగా పిలిచి, ఇవ్వాల్సిన కట్నం ఇచ్చి, ఆయన ఒప్పుకుంటే ఫోన్‌లో రికార్డు చేయండి. వివరాలను ఇంట్లోనే భద్రంగా దాచుకోండి. ఊరూరా తిరిగే గ్రూపుల్లో పెట్టకండి.

నార్నూర్ మండలం గుంజాలలో దొరికిన మన లిపి 2018లో యూనికోడ్‌లో చేరింది. రాయగలిగినవాళ్లు ముత్తవ్వ పేరు ఆ లిపిలోనే రాయండి. కేస్లాపూర్‌లో నాగోబాకు కొత్త రాతి గుడిని మెస్రం వంశీయులు తమ చందాలతోనే కట్టుకున్నారు. 2022 డిసెంబరులో అది ప్రారంభమైంది. అంత పెద్ద గుడి కట్టుకున్నవాళ్లకు ఒక నోట్‌బుక్ నింపడం బరువు కాదు.

వచ్చే పుష్య అమావాస్యకు మీ నోట్‌బుక్ వెంట తెచ్చుకోండి. ఖాళీగా మిగిలిన పేరు ఉంటే పొయ్యి దగ్గర కూర్చున్న పెద్దలను అడగండి. ఆ పేరు తెలిసినవాళ్లు అక్కడే ఎవరో ఉంటారు.