చంద్రకళలు, కాలమండలాలు: తరగతి గది బోధన చరిత్ర

చీకటి గదిలో ఒక దీపం, పిల్లల చేతిలో ఒక బంతి. చంద్రకళలను, కాలమండలాలను చేతలతో నేర్పడానికి బడికి కావలసిన సామగ్రి ఇంతే. రెండింటికీ కారణం ఒకటే: ఏ గోళానికైనా ఒక సమయంలో సగభాగానికే ఎండ తగులుతుంది. చంద్రుడిలో వెలిగే సగాన్ని మనం ఏ కోణం నుంచి చూస్తున్నామో దాన్ని బట్టి కళ మారుతుంది. భూమి తిరుగుతుంటే మన ఊరు సూర్యుడికి ఎటు ఉందో దాన్ని బట్టి గంట మారుతుంది.

ఈ ఆలోచన మన దేశానికి కొత్తది కాదు. క్రీ.శ. 499 నాటిదని చెప్పే ఆర్యభటీయం గోళపాదంలో, భూమికీ గ్రహాలకూ ఒక సగం తమ నీడలోనే ఉంటుందని, సూర్యుడి వైపున్న సగం వెలుగుతుందని ఆర్యభటుడు రాశాడు. లంకలో సూర్యోదయమయ్యే వేళ యవకోటిలో మధ్యాహ్నం, సిద్ధపురంలో సూర్యాస్తమయం, రోమకలో అర్ధరాత్రి అని కూడా చెప్పాడు. 90 డిగ్రీలకొకటి చొప్పున ఊహించిన ఆ నాలుగు చోట్లతో కాలమండలాల పాఠాన్ని ఇవాళ కూడా హాయిగా మొదలుపెట్టవచ్చు.

18వ శతాబ్దపు ఇంగ్లండు యంత్రాల మీద మనసు పడింది. 1704 ప్రాంతంలో జార్జ్ గ్రాహం ఆకాశగోళాల కదలికలు చూపే ఒక నమూనాను పళ్లచక్రాలతో చేశాడు. అలాంటిదే జాన్ రౌలీ నాలుగో ఎర్ల్ ఆఫ్ ఆరరీ కోసం తయారుచేయడంతో ఆ యంత్రానికి ఆరరీ అన్న పేరు స్థిరపడింది. 1766 నాటి జోసెఫ్ రైట్ చిత్రంలో ఆరరీ చుట్టూ చేరిన పిల్లల ముఖాలు చూస్తే ఆ పాఠం ఎంత ఆకట్టుకునేదో తెలుస్తుంది. కానీ అది ఖరీదైన వస్తువు. పైగా పిల్లలు సౌరకుటుంబాన్ని బయట నిలబడి చూస్తారు. భూమ్మీది మనిషికి నెలవంక ఎందుకు కనిపిస్తుందో అక్కడి నుంచి అర్థం కావడం కష్టం.

కాలమండలాల అవసరం రైళ్లతో వచ్చింది. 1883 నవంబరు 18న అమెరికా, కెనడా రైల్వేలు ప్రామాణిక కాలాలకు మారాయి. మరుసటి ఏడాది వాషింగ్టన్‌లో జరిగిన అంతర్జాతీయ సదస్సు గ్రీనిచ్‌ను సున్నా రేఖాంశంగా ఎంచుకుంది. మన రైళ్లు చాలాకాలం మద్రాసు సమయంతో నడిచాయి. 1906 జనవరి 1 నుంచి 82.5 డిగ్రీల తూర్పు రేఖాంశం భారత ప్రామాణిక కాలానికి ఆధారమైంది. డిగ్రీకి 4 నిమిషాల చొప్పున గుణిస్తే 5 గంటల 30 నిమిషాలు వస్తాయి.

చదువుకున్నవాళ్లకూ ఇలాంటి ఖగోళ విషయాలు సరిగా తెలియవని 1987లో వచ్చిన ‘ఎ ప్రైవేట్ యూనివర్స్’ చిత్రం చూపించింది. పట్టా పుచ్చుకుంటున్న హార్వర్డ్ విద్యార్థుల్లోనే చాలామంది ఋతువులకు కారణం తప్పు చెప్పారు. భూమి నీడ పడి చంద్రకళలు ఏర్పడతాయన్న అపోహ కూడా అంతే విస్తారంగా ఉంది.

అపోహను పోగొట్టింది పిల్లల తలనే భూమిగా చేసే పద్ధతి. బంతిని చాచిన చేతిలో తలకన్నా కాస్త ఎత్తులో పట్టుకుని దీపానికి ఎదురుగా నిలబడితే అమావాస్య. ఎడమకు పావు వంతు తిరిగితే కుడి సగం వెలిగిన అర్ధచంద్రుడు. దీపానికి వీపు పెడితే పౌర్ణమి. అప్పుడు చేయి కిందికి దించితే తల నీడ బంతి మీద పడుతుంది, అది గ్రహణం. కళకూ గ్రహణానికీ ఉన్న తేడా మాటలతో పని లేకుండా తెలిసిపోతుంది.

అదే తలతో కాలమండలాలూ నేర్పవచ్చు. అమెరికాలో బర్క్లీలోని లారెన్స్ హాల్ ఆఫ్ సైన్స్ 1980లలో తెచ్చిన పాఠాల్లో ముక్కును కొండగా ఊహించుకోమంటారు. ముక్కు దీపం వైపుంటే అక్కడ మధ్యాహ్నం, ఎడమ చెవి దగ్గర సూర్యాస్తమయం, కుడి చెవి దగ్గర సూర్యోదయం. ముక్కు కాకినాడ అనుకుంటే తల వెనుక భాగం దాదాపు డాలస్ అవుతుంది: రెండింటి రేఖాంశాల మధ్య 179 డిగ్రీల తేడా. అయినా గడియారాల తేడా చలికాలంలో పదకొండున్నర గంటలు, వేసవిలో పదిన్నర. అక్కడ బంధువులున్న తెలుగు పిల్లలు ఎందుకని తప్పక అడుగుతారు. ప్రామాణిక కాలం మనుషుల ఒప్పందమని చెప్పడానికి అంతకన్నా మంచి సందర్భం దొరకదు.

భారతదేశంలో ఎన్‌సీఈఆర్‌టీ వారి పాత ఎనిమిదో తరగతి విజ్ఞానశాస్త్ర పుస్తకం ఈ ప్రయోగాన్ని ఆటస్థలానికి తెచ్చింది. 2 మీటర్ల వ్యాసార్ధంతో వృత్తం గీసి 8 భాగాలు చేస్తారు. సగం తెలుపు, సగం నలుపు పూసిన బంతినో కుండనో పట్టుకుని ఒకరు వృత్తం మీద నడుస్తారు. తెల్ల సగం ఎప్పుడూ సూర్యుడి వైపే ఉండాలి. మధ్యలో నిల్చున్నవారు ఒక్కో చోట కనిపించే తెల్ల భాగాన్ని బొమ్మ గీస్తారు.

ఈ కృత్యాలకు ముందు కొన్ని వారాలు ఆకాశం చూడటం తప్పనిసరి చేయాలి. తెలుగు పిల్లలకు ఇంట్లో పంచాంగమే తోడు. తిథి అంటే సూర్యచంద్రుల మధ్య 12 డిగ్రీల కోణం పెరగడానికి పట్టే కాలం. శుక్లపక్ష అష్టమి నాటి సాయంత్రం సూర్యుడు అస్తమించే వైపు కుడి చేయి, చంద్రుడి వైపు ఎడమ చేయి చాచితే రెండు చేతుల మధ్య దాదాపు లంబకోణం ఏర్పడుతుంది.