సెక్షన్ మారిన రోజు

1846లో ఉయ్యాలవాడ నరసింహారెడ్డి తిరుగుబాటును అణచాక ఈస్టిండియా కంపెనీ అధికారులు సుమారు వెయ్యిమంది మీద వారంట్లు తీశారు. 412 మందిని నేరం మోపకుండానే వదిలేశారు. 273 మందిని జామీను మీద విడిచారు. 112 మందికి శిక్షలు పడ్డాయి. 1847 ఫిబ్రవరి 22న కోయిలకుంట్లలో నరసింహారెడ్డిని ఉరితీశారు. ఆ ఉరి గురించి మన దగ్గర చిన్నపిల్లలు కూడా చెబుతారు. నా మనసు మాత్రం ఆ 273 మంది దగ్గర ఆగిపోతుంది. జామీను మీద ఇల్లు చేరిన మనిషి మీద మర్నాడు అంతకంటే పెద్ద నేరం రాస్తే అతణ్ని మళ్లీ ఎవరు పట్టుకోవాలి, ఎవరిని అడిగి పట్టుకోవాలి?

అప్పటికింకా క్రిమినల్ ప్రొసీజర్ కోడే లేదు. అది 1861లో వచ్చింది. 1898 కోడ్‌లోని 497వ సెక్షన్, బెయిలిచ్చిన కోర్టు ఆ మనిషిని మళ్లీ కస్టడీకి పంపవచ్చంది. 1973 కోడ్ అదే అధికారాన్ని 437(5), 439(2) కింద ఉంచింది. నేరం పెద్దదైతే ఏం చేయాలన్న మాట మాత్రం వీటిలో ఎక్కడా లేదు.

ఆ లోటు ఎంతటిదో తెలియాలంటే ఆళ్లగడ్డ పక్క పల్లెలో గొడవ జరిగిందనుకోండి. పాత ఐపీసీ రోజుల్లో అయితే మొదట ఆయుధంతో గాయపరిచారని 324 కింద కేసు కడతారు, ముద్దాయి బెయిలు మీద ఊరికి వస్తాడు. ఎముక విరిగిందని డాక్టరు రాస్తే అది తీవ్ర గాయానికి వర్తించే 326 అవుతుంది. దెబ్బ తిన్నవాడు నంద్యాల నుంచి కర్నూలు పెద్దాసుపత్రికి వెళ్లి పన్నెండో రోజున కన్నుమూస్తే పోలీసులు హత్య సెక్షన్ 302 చేర్చి, సెక్షన్ మార్చామని తెలిపే ఆల్టరేషన్ మెమో కోర్టులో వేస్తారు. శవం ఊరికి వచ్చేసరికి ముద్దాయి అదే వీధిలో ఉంటాడు. కక్షలు చూసిన సీమలో ఆ రాత్రి ఎలా గడుస్తుందో చెప్పనక్కర్లేదు. చచ్చిపోయినవాడి ఇంటివాళ్ల కోపం న్యాయమైనదే. అలాగని మెమో చేతిలో ఉంది కదా అని ఎస్‌ఐ వెళ్లి పట్టుకొస్తే, కోర్టు ఇచ్చిన స్వేచ్ఛను స్టేషన్ లాక్కున్నట్టే. ఎదుటి పార్టీ ఒత్తిడితో సెక్షన్ పెరిగిందన్న అనుమానం ఇక్కడ ప్రతి కేసులోనూ వినబడుతుంది.

2001లో ప్రహ్లాద్ సింగ్ భాటి కేసులో సుప్రీంకోర్టు ఒక ముడి విప్పింది. ఆత్మహత్యకు పురికొల్పాడన్న కేసు హత్య కేసుగా మారినప్పుడు చిన్న నేరానికి ఇచ్చిన రక్షణ పెద్ద నేరానికి వర్తించదంది. 2007లో హమీదా కేసులోనూ అంతే: గాయపడినవాడు చనిపోయాడు కాబట్టి ముద్దాయి లొంగిపోయి కొత్త నేరానికి కొత్తగా బెయిలు అడగాలి. మరి లొంగిపోకపోతే? పోలీసులు నేరుగా అరెస్టు చేయవచ్చని కొన్ని హైకోర్టులు, ముందు పాత బెయిలు రద్దు కావాలని మరికొన్ని చెబుతూ వచ్చాయి.

2019 జూలై 1న ప్రదీప్ రామ్ కేసులో జస్టిస్ అశోక్ భూషణ్, జస్టిస్ కె.ఎం. జోసెఫ్ ఈ వాదం తేల్చారు. ముద్దాయి లొంగిపోయి బెయిలు అడగవచ్చు. పోలీసులు సొంతంగా అరెస్టు చేయకూడదు, బెయిలిచ్చిన కోర్టు ఉత్తర్వు తెచ్చుకోవాలి. కోర్టు బెయిలు రద్దు చేసి కస్టడీకి పంపవచ్చు. అవసరమైతే పాత బెయిలు రద్దు చేయకుండానే కొత్త నేరానికి అరెస్టుకు ఆదేశించవచ్చు. నా దృష్టిలో ఈ చరిత్రలో అన్నిటికంటే విలువైన మాట, పోలీసులు సొంతంగా అరెస్టు చేయకూడదన్నదే.

సెక్షన్ బలం బెయిలు రాకముందే తెలిసిన కేసూ ఉంది. 2021 జనవరిలో బోయిన్‌పల్లి కిడ్నాప్ ఆరోపణపై అప్పటికి ఆళ్లగడ్డ మాజీ ఎమ్మెల్యేగా ఉన్న భూమా అఖిలప్రియను హైదరాబాద్ పోలీసులు అరెస్టు చేశారు. బెయిలు పిటిషన్ నడుస్తుండగా దోపిడీకి సంబంధించిన 395 చేర్చారు. దానికి యావజ్జీవ శిక్ష పడవచ్చు కాబట్టి తన పరిధి కాదని సికింద్రాబాద్ కోర్టు పిటిషన్ తిప్పి పంపింది. జనవరి 22న సెషన్స్ కోర్టు బెయిలిచ్చింది. ఒక్క అంకె చేరగానే విచారించే కోర్టే మారిపోయింది.

2024 జూలై 1 నుంచి ఐపీసీ 302 స్థానంలో భారతీయ న్యాయ సంహిత 103(1), 1973 కోడ్‌లోని 437(5) స్థానంలో భారతీయ నాగరిక్ సురక్షా సంహిత 480(5), 439(2) స్థానంలో అందులోనిదే 483(3) వచ్చాయి. సెక్షన్ పెరిగితే ఏం చేయాలన్న మాట ఈ సురక్షా సంహితలోనూ రాయలేదు. అందుకే ఇవాళ కూడా ఆల్టరేషన్ మెమో పడగానే ఇరుపక్షాల వకీళ్లూ తెరిచేది ప్రదీప్ రామ్ తీర్పునే.