లండను రవాణా చార్జీల వివాదము: ఒక పద విచారము

ఎన్నికలలో చేసిన వాగ్దానమును గెల్చినవారు నెరవేర్పకుండుట లోకమున తఱచుగా కనబడునదే. నెరవేర్చినందులకు న్యాయస్థానమున నిలువవలసి వచ్చుట మాత్రము అరుదు. 1981లో గ్రేటర్ లండన్ కౌన్సిలునకు, అనగా లండను మహానగర సభకు, ఈ రెండవ గతి పట్టినది. ఆ వృత్తాంతమున ధనము కలదు, పక్షవైరము కలదు. కాని వివాదములో చాల భాగము ఒక శాసనమునందలి ఒక్క విశేషణముపై వచ్చి నిలిచెను. భాషావిద్యార్థులు దీనిని పరిశీలింపదగుననుటకు అదియే కారణము.

లండను బస్సులును భూగర్భ రైళ్ళును 1970 జనవరి 1వ తేదీన మహానగర సభ అధీనములోనికి వచ్చెను. ఇందులకు ఆధారము 1969 నాటి లండను రవాణా శాసనము. నగరమునకు సమన్వితములును, సమర్థములును, 'ఎకనామిక్' అయినవియు అగు రవాణా సౌకర్యములు సమకూరునట్లు సభ విధానములను రూపొందింపవలెనని అది విధించినది. రవాణా సంస్థకు సభ తన నిధులనుండి సహాయధనమీయవచ్చునని కూడ అదే శాసనము అనుమతించినది. ఆ సహాయమునకు హద్దేదియో అది స్పష్టముగా చెప్పలేదు.

1981 మే 7వ తేదీన సభకు ఎన్నికలు జరిగెను. చార్జీలను నూటికి 25 వంతులు తగ్గింతుమనియు, ఆ లోటును ఆస్తిపన్నునుండి పూడ్తుమనియు లేబరు పక్షము తన ప్రణాళికయందు ప్రకటించినది. 92 స్థానములలో లేబరుకు 50, కన్సర్వేటివులకు 41, లిబరలులకు 1 లభించెను. ఆండ్రూ మెకింటాష్ నాయకత్వమున ఎన్నికలలో గెల్చిన లేబరు సభ్యులు మఱునాడే ఆయనను తొలగించి కెన్ లివింగ్‌స్టన్‌ను ఎన్నుకొనిరి. నాయకుడు మాఱెను గాని వాగ్దానము మాఱలేదు. అక్టోబరు 4వ తేదీనుండి చార్జీలు సగటున నూటికి 32 వంతులు తగ్గెను.

దీనికై స్థానిక బరోలు పౌండుకు 6.1 పెన్నీల అదనపు పన్ను వసూలు చేయవలసి వచ్చెను. అంతటితో ఆగలేదు. అప్పటి కేంద్ర ప్రభుత్వపు నూతన నియమముల ప్రకారము, ఎక్కువ వ్యయము చేసిన స్థానిక సంస్థకు ప్రభుత్వ విరాళము తగ్గును. ఆ విధముగా సభ సుమారు 5 కోట్ల పౌండ్లు కోల్పోవలసి వచ్చెను. ఆ భారమును కూడ పన్ను చెల్లించువారే మోయవలెను. బ్రామ్లీ బరోలో భూగర్భ రైలు స్టేషను ఒక్కటియు లేదు. కన్సర్వేటివుల పాలనలోనున్న ఆ బరో వ్యాజ్యమునకు దిగినది. మొదటి న్యాయస్థానమున అది ఓడెను. నవంబరులో లార్డ్ డెనింగ్ అధ్యక్షతనున్న అప్పీలు న్యాయస్థానమున గెల్చెను. డిసెంబరు 17వ తేదీన లార్డుల సభ న్యాయమూర్తులైదుగురును ఏకగ్రీవముగా సభకు ప్రతికూలముగా తీర్పు చెప్పిరి.

ఇక ఆ పదమును చూతము. చార్జీలవలన వచ్చు రాబడితో సాధ్యమైనంతవఱకు వ్యయమును భరించుచు, వ్యాపార పద్ధతిని నడచుటయే 'ఎకనామిక్' అని బ్రామ్లీ పక్షము వాదించెను. నగర సమష్టి ప్రయోజనమునకు తగిన వ్యయమైనచో చాలునని సభ వాదించెను. దీనిని తెనిగింపబూనిన వానికి చిక్కు వెంటనే తెలియును. 'లాభసాటి' యన్నచో బ్రామ్లీ గెల్చును. 'ఆర్థికము' అన్నచో సభ గెల్చును. 'మితవ్యయము' అన్నచో ఇద్దఱును తమదే గెలుపందురు. తెలుగున వ్రాయు శాసనకర్త ఈ మూడింటిలో ఒకదానిని ఎన్నుకొనక తప్పదు. ఆంగ్లమున ఆ నిర్ణయము పన్నెండేండ్లు వాయిదా పడి, చివరకు న్యాయమూర్తుల పాలైనది.

న్యాయమూర్తులు సైతము ఆ పదార్థమున ఏకాభిప్రాయులు కారు. లార్డ్ డిప్లాక్ అది సందిగ్ధ పదమనియే తలచి, వేఱొక ఆధారమును గైకొనెను. పన్ను చెల్లించువారి విషయమున సభకు ధర్మకర్తృత్వము కలదనియు, విరాళము పోవునని తెలిసియు ముందుకు సాగుట దానికి విరుద్ధమనియు ఆయన భావము. దేవాలయ ధర్మకర్తలను ఎఱిగిన మనకు ఈ భావము క్రొత్తది కాదు. అయితే దేవుని సొమ్మునకు భక్తుల ఓటుతో పనిలేదు. నగరసభ సొమ్మునకు కలదు. ప్రణాళికలో చెప్పితిమి గనుక చేయక తప్పదని సభ్యులు గ్రుడ్డిగా కట్టుబడరాదని కూడ న్యాయమూర్తులు పలికిరి. ఇది సూత్రముగా ఒప్పుకొనదగినదే. పైగా పన్నులో పెద్ద వంతు చెల్లించు వ్యాపార సంస్థలకు ఆనాడు ఓటు లేదు. వారి మొఱను త్రోసివేయుట సులభము కాదు. కాని పన్నుపెంపును దాపక చెప్పి పొందిన సమ్మతికి ఆ తీర్పు మిక్కిలి తక్కువ విలువ కట్టినదని నా అభిప్రాయము. ఓటరు ఎన్నుకొన్నది చార్జీల తగ్గింపును మాత్రమే కాదు, దాని వెలను కూడ.

1982 మార్చిలో చార్జీలు దాదాపు రెట్టింపయ్యెను, ప్రయాణికులు తగ్గిరి. సభ వెనుదీయక లెక్కలను, ప్రయోజనములను వివరముగా చూపి మఱియొక పథకము సిద్ధపఱచెను. 1983లో న్యాయస్థానము దానిని ఆమోదింపగా, ఆ మే నెలలో చార్జీలు తిరిగి నూటికి 25 వంతులు తగ్గెను. శాసనము అదే, పదము అదే. మాఱినది సమర్థించిన తీరు. 1984 జూన్ 29న పార్లమెంటు రవాణా సంస్థను సభనుండి తొలగించి ప్రత్యేక సంస్థ క్రింద నుంచెను. 1986 మార్చి 31తో మహానగర సభయే రద్దయ్యెను.